నాలుగు గంటల లైన్ క్లియర్

బుధవారం పొద్దున పదిన్నరకి బోయిన్‌పల్లి మార్కెట్‌లో కాకరకాయలు ఏరుకుంటూ బుల్లబ్బాయి చచ్చిపోయాడు.

పోయేముందు దోమ కుట్టినట్టు చెవి వెనక చెయ్యి వేసుకున్నాడు. "ఏటిది" అన్నాడు. అంతే, కాకరకాయల గుట్ట మీదికి ఒరిగిపోయాడు. వడదెబ్బ అనుకుని నీళ్లు చల్లారు. మధ్యాహ్నానికి డాక్టరు చెవి వెనక సూది మొనంత రంధ్రం చూసి పోలీసుల్ని పిలిచాడు. జేబులో పర్సు ఉంది, ఫోను ఉంది. అరచేతిలో పట్టేంత కాగితం ఒకటి మాత్రం పోయింది. అలాంటి కాగితం ఒకటి ఉండేదని అప్పటికి పోలీసులకు తెలియదు.

కాకరకాయలమ్మే శారదమ్మ సాక్ష్యం చెప్పింది. "ఆయన ఎన్క ఒక మేడం నిలవడ్డది సార్. కొప్పు సదురుకుంటున్నది. మొకం చూడలే. కొత్తిమీర కట్టకు ఎంత జెప్తే గంత ఇచ్చింది, బేరమే చెయ్యలే. నాకు అప్పుడే డౌటొచ్చింది."

బుల్లబ్బాయి సైంటిస్టు కాదు, మిలిటరీ రహస్యాలు మోసేవాడు కాదు. ఒక సాఫ్ట్‌వేర్‌కి డాక్యుమెంటేషన్ రాస్తాడు. ఈ లోకంలో ఎవరూ చదవని రాతలు రాసేవాణ్ణి విషపు సూదితో చంపాల్సిన అవసరం ఎవరికొచ్చింది? అదే రోజు మధ్యాహ్నం రెండింటికి, తిరుమలగిరిలో 'పశువుల దాణా పరిశోధన ఉపకేంద్రం' అని బోర్డున్న పాత బంగళాలో, ఏజెంట్ తిరుమల్ కూడా సరిగ్గా ఇదే ప్రశ్న అడిగాడు.

ఆ బంగళాలో దాణా లేదు, పశువులూ లేవు. ఉన్నది హరికిషన్. దేశంలో సైబర్ గూఢచర్యం మీద కన్నేసి ఉంచే ఒక చిన్న విభాగానికి ఆయన పెద్ద.

"త్రాసు అనే టూల్ పేరు విన్నవా?" అన్నాడు హరికిషన్.

"లేదు సార్."

"క్రిప్టో ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కు పంపనీకి వందల దారులున్నయ్. ప్రోటోకాల్స్ అంటరు. ఒకటి చీప్, ఒకటి ఫాస్ట్, ఇంకోటి ఎక్కినోళ్లను ముంచే పడవ. ఏది మంచిదో పోల్చి చెప్పేది త్రాసు. అది మనుషుల కోసం కాదు, ఏఐ ఏజెంట్ల కోసం. ఇప్పుడు కంపెనీలు, సంఘాలు తమ ఫండ్స్ పంపే పని ఏఐ ఏజెంట్లకే ఇడిసిపెట్టినయ్. అవి త్రాసును అడుగుతయ్. ఎట్ల అడగాలె, జవాబు ఎట్ల అర్థం జేస్కోవాలె, అన్నీ డాక్యుమెంటేషన్‌ల ఉంటయ్."

"డాక్యుమెంటేషన్ ఎవరు చదువుతరు సార్?"

"మనుషులు చదవరు. ఏజెంట్లు అక్షరం ఇడువకుండ చదువుతయ్. చదివింది చదివినట్టు చేస్తయ్. అడ్డం తిరిగి అడగవు." హరికిషన్ గొంతు తగ్గించాడు. "రేపు నాలుగ్గంటలకు కొత్త వెర్షన్ రిలీజ్. తొమ్మిది వేల ఏజెంట్లు ఒక్కసారే చదువుతయ్. కోబాల్ట్ అని ఒక ఫారిన్ ముఠా ఉంది. అందుల ఒక్క లైన్ దూర్పాలని చూస్తున్నరు. ఆ లైన్ వల్ల తొమ్మిది వేల సంచులు ఒకే గుంటల పడ్తయ్. ఏ ప్రోటోకాలో మాకు ఇంకా తెల్వదు. ఆ తొమ్మిది వేలల్ల లాలాగూడ రైల్వే పెన్షనర్ల మెడికల్ ఫండ్ సుత ఉంది. సోమవారం ఒక ముసలాయనకు గుండె ఆపరేషన్ ఆ ఫండ్ మీదనే."

"రిలీజ్ ఆపేద్దాం సార్."

"ఆపితే వాళ్లు మాయమైతరు. వచ్చే నెల ఇంకో టూల్ మీద పడ్తరు. చంపినోళ్లు బయటికి రావాలె. బుల్లబ్బాయి జాగల రేపు నువ్వు కూర్చుంటున్నవ్."

ముప్పై ఎనిమిదేళ్ల తిరుమల్ పన్నెండేళ్లుగా ఈ ఉద్యోగంలో ఉన్నాడు. పన్నెండేళ్లుగా భయపడుతూనే ఉన్నాడు. లిఫ్టు ఎక్కితే భయం, కుక్కరు విజిల్ వేస్తే భయం. ఈ సంగతి డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. నవ్వుకోవడానికి దాన్ని బాగానే వాడుకుంటారు.

"నేనే ఎందుకు సార్?"

"ధైర్యమున్నోడు మొదటి పేజీ చూసి అర్థమైందంటడు. భయమున్నోడు చివరి పేజీ దాంక చదువుతడు. గందుకే."

హరికిషన్ ఒక కళ్లజోడు ఇచ్చాడు. దాని కాడలోంచి ఆయన గొంతు వినిపిస్తుంది. ఒక పెన్ను ఇచ్చాడు. నొక్కితే ముప్పై సెకన్లలో కింద టీ కొట్టు దగ్గరున్న ఇద్దరు మనుషులు పైకొస్తారు. చివరగా ఒక మాట చెప్పాడు. "కోబాల్ట్ లోపల మనామె ఒకామె ఉంది. రెండేళ్ల సంది మనకు పని చేస్తున్నది. పేరు సుకన్య. ఆమె వచ్చి 'మీ చాయ్‌ల ఇలాచీ వేస్తరా' అంటది. నువ్వు 'మా ఇంట్ల అల్లమే' అనాలె. ఆమె చెప్పింది నమ్ము."

ఆ సాయంత్రం తిరుమల్ బంగళా వరండాలో కూర్చుని త్రాసు డాక్యుమెంటేషన్ రెండు వందల పద్నాలుగు పేజీలూ చదివాడు. ప్రతి పేజీలోనూ చెవి వెనక సూది గుచ్చుకుంటున్నట్టే ఉంది. చదవడం ఆపితే ఇంకా భయంగా ఉంది. అందుకని చివరి దాకా చదివాడు.

*

త్రాసు ఆఫీసు రాణీగంజ్‌లో, పంపుసెట్ల దుకాణాల పైన మూడో అంతస్తులో ఉంటుంది. గురువారం పొద్దున తిరుమల్, సూరి అనే మారుపేరుతో, చొక్కా జేబులో పెన్నుతో, చేతిలో టిఫిన్ డబ్బాతో మెట్లెక్కాడు. లిఫ్టు ఉంది గాని ఎక్కలేదు.

సత్యవేణి అతనికి కుర్చీ చూపించింది. యాభైకి దగ్గరగా ఉంటుంది. నేత చీర, వేళ్లకి సిరా మరకలు. ఇన్నాళ్లూ బుల్లబ్బాయి రాసేవాడు, ఆమె చూసేది. ఇవాళ్టి నుంచి ఆమె రాస్తుంది, సూరి చూడాలి. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆరేళ్లు పక్కపక్కన పని చేసేమండి," అంది. "ఒక్క కామా కోసం గంట సేపు తగువులాడుకునీవోళ్లం." తర్వాత చిన్న కాగితం ఒకటి అతని చేతిలో పెట్టింది. దాని నిండా రెండంకెల నంబర్లు, వరస లేకుండా ఉన్నాయి. "ఇది మీది. ఎవరికీ చూపించకండి. నా దగ్గర నాదుంటాది. బుల్లబ్బాయిగారి దగ్గర ఆరిదుండేది."

"ఏందివి మేడం?"

"ప్రైవేట్ నంబర్లండి. మా నాన్న నూకయ్యగారు ముప్పయ్యారేళ్లు స్టేషన్ మాస్టర్ చేసేరు. ఒక స్టేషన్ నుంచి బండి ఒదలాలంటే పక్క స్టేషన్ని అడగాల. లైన్ ఖాళీగా ఉందని ఆలు ఒక నంబరు చెప్తారు, అదే లైన్ క్లియర్. ఆ నంబరు రాసుకున్నాకే సిగ్నలు. ఒకసారి వాడిన నంబరు కొట్టేస్తారు. నేను అదే ఇక్కడ పెట్టేను. ఒకలు లైను రాస్తే చదివి ఇనిపించాల. రెండోవోరు తిరిగి అప్పజెప్పి నంబరు ఇవ్వాల. ఆ నంబరు లైను పక్కనుంటాది. ఏజెంట్లు కూడా అది చూసే ముందుకెళ్తాయి."

తిరుమల్ తలూపాడు. నిన్న చదివిన చివరి పేజీ, మూడో పేరా గుర్తొచ్చింది. అందులో ఉన్నదీ ఇదే.

"సోమవారం మా నాన్నకి ఆపరేషనండి," అంది సత్యవేణి తనలో తాను అనుకున్నట్టు. "పెన్షనర్ల సంఘానికి ఆయనే సెక్రటరీ. ఆలు పెట్టుకున్న ఏఐ ఏజెంటు కూడా త్రాసునే నమ్ముకుంది. నేను రాసిన అక్షరం మీద మా నాన్న గుండె ఉందని తెలిసినప్పుడు చెయ్యి ఆడదండి."

హరికిషన్ చెప్పిన గుండె ఆపరేషన్ తిరుమల్‌కి గుర్తొచ్చింది. ముసలాయన ఎవరో ఇప్పుడు తెలిసింది.

మూడున్నరకి ఇన్వెస్టర్ల తరఫున ఆడిటర్ వచ్చిందన్నారు. తిరుమల్ నీళ్ల సీసా నింపుకోవడానికి మెట్ల దగ్గరికి వెళితే ఆమె అక్కడే నిలబడి ఉంది. బూడిద రంగు పట్టు చీర, పెదాలకి ముదురు రంగు, ఎత్తుగా కట్టిన కొప్పు, అందులో వెండి పిన్ను. పంపుసెట్ల దుకాణాల మీద అంత అందం ఎప్పుడూ అడుగు పెట్టి ఉండదు.

"మీ చాయ్‌లో ఇలాచీ వేస్తారా?" అంది.

"మా ఇంట్ల అల్లమే," అన్నాడు తిరుమల్. నోరు ఎండిపోయి 'అల్లం' సగమే బయటికొచ్చింది.

సుకన్య దగ్గరికి జరిగి పెన్‌డ్రైవ్ అతని చేతిలో పెట్టింది. "టైం లేదు. సత్యవేణి కోబాల్ట్ మనిషి. బుల్లబ్బాయిని చంపించింది ఆమే. పేజీ నూట ముప్పైలో లైన్ మార్చేసింది. ఇందులో క్లీన్ పేజీ ఉంది, నాలుగులోపు అది పెట్టెయ్. అందులో సాఫ్ట్ హార్బర్ అనే ప్రోటోకాల్ పేరుంటుంది, కంగారుపడకు. అది మన డిపార్ట్‌మెంట్ పెట్టిన వల. డబ్బు సేఫ్."

"హరికిషన్ సార్ నాకు చెప్పలే."

"నీకన్నీ చెప్తారా? బుల్లబ్బాయి చనిపోయే ముందు తనే ఈ కరెక్షన్ పాస్ చేశాడు. పక్కన ఆయన ప్రైవేట్ నంబరే ఉంది చూడు, నలభై ఏడు. కింద టీ కొట్టు దగ్గరున్న మనవాళ్లని వెనక గేటుకి పంపించాను. కోబాల్ట్ వాళ్లు అటునుంచే వస్తారు. జాగ్రత్త."

ఆమె వెళ్లిపోయింది. తిరుమల్ తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

సత్యవేణి బ్లేడుతో పెన్సిల్ చెక్కుకుంటోంది. పొద్దున్నుంచీ అదే బ్లేడు. ఇప్పుడది వేరేలా కనిపించింది. మూరెడు దూరంలో హంతకురాలు కూర్చుని పెన్సిల్ చెక్కుతోందా? ఎర్రబడ్డ కళ్లు ఏడ్చినవా, నిద్రలేనివా? కళ్లజోడు కాడ పట్టుకుని "సార్" అని గొణిగాడు. జవాబు రాలేదు. మళ్లీ పిలిచాడు. గరగరమంటూ శబ్దం తప్ప ఏమీ లేదు. ఎవరో డిపార్ట్‌మెంట్ సిగ్నల్ ఒక్కదాన్నే నొక్కేశారు.

"ఒంట్లో బాలేదా సూరిగారూ?" అంది సత్యవేణి. "చేతులు వణుకుతున్నాయి."

"షుగర్ మేడం," అన్నాడు.

పెన్‌డ్రైవ్ పెట్టి పేజీ తెరిచాడు. 'అనుమానం వచ్చినచో సాఫ్ట్ హార్బర్ మార్గమున పంపుము.' రాసినవారు బుల్లబ్బాయి. నంబరు నలభై ఏడు. బాగానే ఉంది. పెట్టెయ్యొచ్చు. పెట్టేస్తే ఈ గది నుంచి బయటపడొచ్చు, మెట్లు దిగి, రోడ్డు దాటి, ఏ బస్సు వస్తే ఆ బస్సెక్కెయ్యొచ్చు. వేలు మీట మీదికి వెళ్లింది.

కానీ భయం అతన్ని అలవాటు ప్రకారం ఇంకోసారి చదివించింది.

రాసినవారు బుల్లబ్బాయి. నంబరూ బుల్లబ్బాయిదే. అదెలా కుదురుతుంది? పంపేవాడు నంబరు ఇవ్వడు. తీసుకునేవాడు ఇస్తాడు. బుల్లబ్బాయి రాసిన లైను పక్కన సత్యవేణి నంబరుండాలి. తన బండికి తనే లైన్ క్లియర్ ఇచ్చుకునే పని ఆరేళ్లు ఆమె పక్కన కూర్చున్నవాడు కలలో కూడా చేయడు. పద్ధతి తెలియనివాళ్లే చేస్తారు, ఓటీపీలూ సంతకాలూ అలవాటైనవాళ్లు. ఇంకో సంగతి అంతకన్నా చల్లగా వీపు మీదికి పాకింది. నలభై ఏడు బుల్లబ్బాయి కాగితంలో ఉందని సుకన్యకి ఎలా తెలిసింది? శవం జేబులో పోలీసులకి దొరికినవి పర్సు, ఫోనే; ఆ కాగితం దొరకలేదు.

కొప్పు సదురుకుంటున్నది సార్, అంది శారదమ్మ, నిన్న అతను చదివిన పోలీసు రిపోర్టులో.

తిరుమల్ పెన్ను నొక్కాడు. లోపల చిన్న దీపం వెలగాలి. వెలగలేదు. ఆ సిగ్నల్ లేనిచోట అది మామూలు పెన్నే. గట్టిగా నొక్కేసరికి సిరా కక్కింది.

తలుపు తెరుచుకుంది. మూడు నలభై ఏడు.

"మిగతా స్టాఫ్‌ని రెండో ఫ్లోర్‌లో మీటింగ్‌లో కూర్చోబెట్టాను," అంది సుకన్య, లోపల గడియ పెడుతూ. "ఇంకా పెట్టలేదా సూరీ?"

ఆమె అతని ముఖం చూసింది, తెర చూసింది, నవ్వింది. చెయ్యెత్తి కొప్పులోంచి వెండి పిన్ను లాగింది. జుట్టు భుజాల మీద పడింది. రెండడుగుల్లో సత్యవేణి వెనక నిలబడి పిన్ను మొన ఆమె చెవి వెనక ఆనించింది. సత్యవేణి చేతిలోంచి పెన్సిల్ కింద పడింది.

"రెండేళ్ల నుంచి మీ హరికిషన్‌కి నేను చెప్పిందే వేదం," అంది సుకన్య. "పేజీ పెట్టు. నాలుగింటికి నేను వెళ్లిపోతాను. మీరూ ఇంటికి వెళ్లొచ్చు."

ఇంటికి వెళ్లనివ్వదని ముగ్గురికీ తెలుసు.

"ఆ నంబరు పనికిరాదండి," అంది సత్యవేణి. "ఆయన పోయేరని తెలియగానే ఆయన నంబర్లన్నీ కొట్టేసేను. అది చూస్తే ఏజెంట్లు కదలవు."

పిన్ను మొన చర్మం తెగనంత వరకూ ఇంకొంచెం నొక్కుకుంది. "అయితే నీ పేరుతో రాయి. నువ్వేగా ఇప్పుడు రైటర్. నంబరు పెట్టు."

సత్యవేణి వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఆమె రాస్తే నంబరు ఇవ్వాల్సింది తిరుమల్. అది ముఠాకి తెలియదు. ఆమె మెల్లిగా తిరుమల్ వైపు చూసింది. ఆ చూపు సుకన్య పట్టేసింది.

"ఆగు. నంబరు ఎవరిది పెట్టాలి? రాసినవాళ్లదా, చూసినవాళ్లదా? నువ్వు చెప్పు సూరీ. అబద్ధం చెప్తే నాకు తెలిసిపోతుంది. మనుషుల వణుకు చదవడమే నా వృత్తి."

గోడ గడియారం మూడు యాభై మూడు. తిరుమల్ మోకాళ్లు కొట్టుకుంటున్నాయి, పళ్లు కొట్టుకుంటున్నాయి. నిజం చెబితే తన కాగితంలోంచి ఒక నంబరు ఇవ్వాలి, బండి కదిలిపోతుంది, నూకయ్య గుండెతో సహా. అబద్ధం చెప్పి దొరికితే ఆ పిన్ను సత్యవేణి మెడలోకి దిగుతుంది.

"రా, రాసినోళ్లదే," అన్నాడు.

సుకన్య అతన్ని పైనుంచి కిందికి చూసింది. అబద్ధమాడేవాడి ఒంట్లో మార్పు వస్తుంది. ఎక్కడో ఒక కండరం కొత్తగా కదులుతుంది. అది పట్టుకోవడం ఆమెకి బాగా వచ్చు. కానీ ఈ మనిషి మెట్ల దగ్గర ఇలాచీ మాటకీ ఇలాగే వణికాడు, ఇప్పుడూ ఇలాగే వణుకుతున్నాడు. కొత్తగా కదిలింది ఏమీ లేదు.

"పెట్టు," అంది సత్యవేణితో.

సత్యవేణి ఆ లైను తన పేరు మీద రాసి, తన కాగితం తీసింది. వేలితో వరస వెంట వెళ్లి ఒక నంబరు చూసి ఎక్కించింది, పద్ధతి ప్రకారం దాన్ని పెన్నుతో కొట్టేసింది కూడా. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఏడవలేదు. తండ్రి పేరు గొణుక్కుంది.

ఆ ఆరు నిమిషాలు తిరుమల్ జీవితంలో అన్నిటికన్నా పొడుగైనవి. కింద దుకాణంలో ఎవరో మోటారు ఆడించి చూస్తున్నారు, అది ఆగుతోంది, మొదలవుతోంది. సుకన్య ఎడం చేతిలో ఫోను. అందులో సాఫ్ట్ హార్బర్ లెక్క సున్నా. కుడి చేతిలో పిన్ను కదలడం లేదు.

మూడు యాభై తొమ్మిది. తిరుమల్ సెకన్లు లెక్కపెడుతున్నాడు. యాభై దాటాక అతని కాళ్లు అతని మాట వినలేదు. కుర్చీలోంచి జారి బల్ల కిందికి పోయాడు.

నాలుగు.

తొమ్మిది వేల ఏజెంట్లు కొత్త డాక్యుమెంటేషన్ తెరిచాయి. నూట ముప్పయ్యో పేజీ చదివాయి. అక్కడ ఆగలేదు, అవి మనుషులు కావు కాబట్టి రెండు వందల పద్నాలుగో పేజీ మూడో పేరా కూడా చదివాయి. 'ఎవరు రాసిన లైనుకు వారి నంబరే ఉన్నదో ఆ లైను చెల్లదు. ఎక్కడివారక్కడ ఆగి, యజమానికి ఫోను చేయవలెను.' తొమ్మిది వేలూ ఆగిపోయాయి.

సుకన్య ఫోనులో సున్నా సున్నాగానే ఉంది. సత్యవేణి తెర మీద ఎర్ర గీత వచ్చింది.

"ఏం చేశారు?" సుకన్య ఫోను మీంచి చూపు తిప్పకుండానే పిన్ను ఎత్తి తిరుమల్ కుర్చీ మీద పొడిచింది. కుర్చీలో తిరుమల్ లేడు. పిన్ను స్పాంజిలో దిగిపోయి ఇరుక్కుంది. ఆమె దాన్ని లాక్కునే లోపల సత్యవేణి బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్న ఇనప పంపు చక్రాన్ని రెండు చేతులతో ఎత్తి ఆమె మణికట్టు మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు బల్ల కిందికి కూడా వినిపించింది. తిరుమల్ కళ్లు మూసుకునే రెండు చేతులు చాచి, దొరికిన రెండు కాళ్లూ పట్టుకుని లాగితే సుకన్య నేల మీద పడింది.

అప్పుడే బల్ల మీద సత్యవేణి ఫోను మోగింది. ఆమె వగరుస్తూ స్పీకర్ నొక్కింది.

"అమ్మా, సత్యేణీ," అన్నాడు నూకయ్య. "మన సంఘం ఏజెంటు ఇప్పుడే ఫోన్ చేసిందే. బండి ఆపేసేను, లైన్ క్లియర్ తప్పు అంటంది. పంపినోడే నంబరు ఇచ్చుకున్నాడంట. ఎవుడమ్మా ఆ తెలివితక్కువోడు?"

"మనోళ్లు కాదు నాన్నా," అంది సత్యవేణి. అప్పుడు ఏడ్చింది. "సోమారం ఆస్పత్రికి ఎల్లడానికి బట్టలు సర్దుకో."

వెనక గేటుకి ఎవరూ రాకపోయేసరికి అనుమానం వచ్చి, గది తలుపు విరగ్గొట్టుకుని టీ కొట్టు మనుషులిద్దరూ వచ్చేసరికి నాలుగూ పది. కట్టెయ్యడం ఒక్కటే వాళ్లకి మిగిలిన పని. సుకన్య హ్యాండ్‌బ్యాగ్‌లో బుల్లబ్బాయి కాగితం దొరికింది. అడుగున ఎండిన కొత్తిమీర రెమ్మ కూడా ఒకటి ఉంది.

మర్నాడు తిరుమలగిరి బంగళాలో హరికిషన్ తల దించుకుని కూర్చున్నాడు. రెండేళ్లుగా ఆ ఆడమనిషి పంపిన రిపోర్టులన్నీ మొదటి పేజీ చూసి సంతకం పెట్టిన సంగతి ఆయనకి గుర్తుంది. తిరుమల్ తన రిపోర్టు బల్ల మీద పెట్టాడు.

"మంచి పని చేసినవ్," అని హరికిషన్ పెన్ను మూత తీశాడు. "యాడ సంతకం పెట్టాలె?"

"సంతకం వద్దు సార్." తిరుమల్ జేబులోంచి నంబర్ల కాగితం ఒకటి తీసి ఆయన ముందుకి జరిపాడు. "ఇది మీది. రాసింది నేను గనక నంబరు మీరియ్యాలె. నేను మొత్తం చదువుత, మీరు లైన్ లైన్ తిరిగి అప్పజెప్పుండ్రి."

"ఎన్ని పేజీలు?"

"నూట అరవై రెండు సార్. షురూ చేద్దామా?"

పన్నెండేళ్లలో మొదటిసారి ఆ గదిలో భయపడుతున్నది తిరుమల్ కాదు.